మూగవస్తువులకు మాట: నేటి డచ్చి సాహిత్యములో ఒక పోకడ

1641వ సంవత్సరములో ఆమ్‌స్టర్‌డాము నగరమున రెంబ్రాంట్ అను చిత్రకారుడు కొర్నేలిస్ అన్స్లో అను మతబోధకుని రూపమును చిత్రించినాడు. అన్స్లో బట్టల వర్తకుడు. అయినను అతనికి పేరు తెచ్చినది వర్తకము కాదు, వాక్కు. ఆ కాలమున డచ్చి భాషలో మహాకవి అనిపించుకొన్న వాండెల్, ఆ రూపచిత్రణమును పురస్కరించుకొని నాలుగు పాదముల చిన్న పద్యమొకటి చెప్పినాడు. మన చాటుపద్యము వంటిది. రూపము మనిషిలో కొంచెమేననియు, అసలు మనిషి గొంతులో ఉన్నాడనియు, చేతనైనచో ఆ గొంతును చిత్రించుమనియు చిత్రకారుని సవాలు చేయుటయే దాని సారాంశము.

రేడియో ముందు కూర్చున్న శ్రోతలకు ఈ మాటలోని చమత్కారము వెంటనే బోధపడును. ఇక్కడ మాకు గొంతున్నది, రూపము లేదు. మ్యూజియములో అద్దపు బీరువాలోనున్న వస్తువునకు రూపమున్నది, గొంతు లేదు. గొంతు లేని ఆ వస్తువులయెదుట నిలిచి, వాటికి మాట ఇచ్చుటకు నేటి డచ్చి రచయితలు చేయుచున్న ప్రయత్నమును గూర్చి, అందలి సొగసును గూర్చి, అందలి చిక్కును గూర్చి, ఈ ప్రసంగములో నాలుగు మాటలు చెప్పదలచినాము.

డచ్చి భాష నెదర్లాండ్స్ దేశమునకు మాత్రమే చెందినది కాదు. బెల్జియములోని ఉత్తరభాగమైన ఫ్లాండర్స్ ప్రజల భాషయు అదియే. దక్షిణ అమెరికా ఖండములో 1975లో స్వతంత్రమైన సురినాము దేశమునకు అది రాజభాష. అన్నియు కలిపి ఆ భాష మాటలాడువారు సుమారు 2 కోట్ల 40 లక్షల మంది. 2011 జనాభా లెక్కలలో మన దేశములో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్లకు పైగా ఉన్నారు. అనగా వారి సంఖ్య మనలో మూడవవంతునకు కొంచెము తక్కువ. చిన్న భాషలకుండు కష్టము దానికిని కలదు. ఆ దేశపు చిత్రకారులను లోకమంతయు ఎరుగును. రచయితలను ఎరిగినవారు స్వల్పము. రంగులకు అనువాదము అక్కరలేదు, మాటకు కావలెను.

ఇందుకొక నిదర్శనము చెప్పెదము. వెర్మీర్ 1665 ప్రాంతమున చిత్రించిన ముత్యపు కమ్మ ధరించిన బాలిక చిత్రము నేడు జగత్ప్రసిద్ధము. 1881లో హేగ్ నగరమున అది వేలమునకు వచ్చినప్పుడు పలికిన ధర రెండు గిల్డర్ల ముప్పది సెంట్లు మాత్రమే. ఆ బాలిక ఎవరో చెప్పు దాఖలా ఏదియు లేదు. ఆ చిత్రము మీద లోకమంతట చదువబడిన నవల 1999లో వెలువడినది. కాని అది డచ్చి భాషలో పుట్టలేదు, ట్రేసీ షెవలియే ఆంగ్లములో వ్రాసినది. తమ యింటిలోని బొమ్మకు పొరుగువారు కథ చెప్పగా, ఇంటివారు వినవలసివచ్చినది.

అట్లని ఇంటివారు ఊరకున్నారని తలచరాదు. చిత్రమును గాని శిల్పమును గాని చూచి వ్రాసిన కవితకు డచ్చి భాషలో ప్రత్యేకముగా ఒక పేరే కలదు. 'బేల్ద్ గెదిఖ్త్' అందురు, బొమ్మకవిత అని అర్థము. పేరు ఏర్పడినదనగా వాడుక ఎంతగా స్థిరపడినదో ఊహింపవచ్చును. వాండెల్ నాటినుండి ఆ సంప్రదాయము తెగలేదు. అయితే వెనుకటి కవులు ఎక్కువగా బొమ్మలోనున్న దానిని పొగడిరి. నేటివారు బొమ్మలో లేనిదానిని వెదకుచున్నారు. ఈ మార్పును కొన్ని ఉదాహరణములతో చూతము.

మొదట హెల్లా హాసె అను రచయిత్రిని గూర్చి. ఆమె 1918లో జావాద్వీపమందలి బటేవియాలో, అనగా నేటి జకార్తాలో, జన్మించినది, 2011లో మరణించినది. ఒక డచ్చి బాలునికి, జావా బాలునికి నడుమ స్నేహము ఎట్లు పుట్టి ఎట్లు విరిగినదో చెప్పు 'ఊరూఖ్' అను చిన్న నవలతో 1948లో ఆమెకు పేరు వచ్చినది. ఆమె 1968లో 'బొమార్జో తోటలు' అను గ్రంథమును ప్రకటించినది. బొమార్జో ఇటలీలోని ఒక పల్లె. 16వ శతాబ్దములో అక్కడి ప్రభువు విచీనో ఓర్సీని కొండరాళ్లను చెక్కించి, నోరు తెరచిన రాక్షసుని, ఏనుగును, ఒరిగిన యింటిని, ఇట్టి వింతలను తన తోటలో నిలిపినాడు. ఎందుకు నిలిపినాడో ఎవరికిని స్పష్టముగా తెలియదు. హాసె ఆ తోటలో తిరిగి, తాను చూచినది, చదివినది, ఊహించినది కలిపి వ్రాసినది. దారి తెలియక తిరిగి మొదటికి వచ్చుట కూడ ఆ పుస్తకములో ఒక భాగమే. రాతికి ఒక్క అర్థము చెప్పి తృప్తిపడక, అర్థమును వెదకు మనిషిని కూడ ఆమె పాఠకుని ముందు నిలిపినది.

రెండవవాడు సేస్ నోటెబోమ్. 1933లో హేగ్ నగరమున పుట్టినవాడు. కవి, నవలాకారుడు, గొప్ప యాత్రికుడు. హిరోనిముస్ బాష్ అను చిత్రకారుడు మరణించి 500 సంవత్సరములైన 2016లో, బాష్ చిత్రములను వెదకుచు తాను చేసిన యాత్రలను గూర్చి ఒక గ్రంథము వెలువరించినాడు. బాష్ బొమ్మలలో చేప తలల మనుష్యులు, గ్రుడ్డు పెంకులో సత్రములు, వీణ తీగలకు కట్టబడిన పాపులు కనబడుదురు. యౌవనమున మాడ్రిడ్ నగరములో తొలిసారి చూచిన బొమ్మలను వార్ధక్యములో మరల చూచుటకు పోయి, నోటెబోమ్ ఒక చిత్రమైన ప్రశ్న వేసికొన్నాడు. బొమ్మ మారలేదు, అయినను నేను చూచుచున్నది అదే బొమ్మయా? నాడు చూచినవాడును నేనేనా? కావ్యమును ఇరువదియేండ్ల ప్రాయమున ఒకసారి, అరువదియేండ్ల ప్రాయమున ఒకసారి చదివిన వారెవరైనను ఈ ప్రశ్నలోని లోతును ఎరుగుదురు.

ఈ ఇద్దరును గొప్ప కళాఖండములను ఎంచుకొన్నారు. ఇక చెప్పబోవునది అందుకు భిన్నము. దీనిని కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

స్తెఫాన్ హెర్ట్‌మన్స్ 1951లో ఫ్లాండర్సులోని ఘెంట్ నగరమున జన్మించిన రచయిత. ఆయన తాత ఉర్బెన్ మార్తీన్ 1891లో పుట్టి 1981లో గతించినాడు. బీదకుటుంబము. ఉర్బెన్ తండ్రి చర్చి గోడలపై చిత్రములను బాగుచేయు పనివాడు. ఉర్బెన్ మొదటి ప్రపంచయుద్ధములో సైనికుడై గాయపడి తిరిగివచ్చినాడు. వచ్చిన తరువాత మరియా ఎమేలియా అను యువతిని ప్రేమించినాడు. పెండ్లి కావలసినంతలో ఆమె యుద్ధానంతరము వ్యాపించిన విషజ్వరములో మరణించినది. అతడు ఆమె అక్క గబ్రియేల్‌ను వివాహమాడినాడు. మిగిలిన జీవితమంతయు నల్లని టోపీ, చక్కగా కట్టిన మెడపట్టి, మాటతప్పని మర్యాద, పాత చిత్రకారుల చిత్రములకు నకళ్లు వ్రాయుట — వీనితోనే గడపినాడు. చనిపోవుటకు ముందు తన జ్ఞాపకములను వ్రాసిన నోటుపుస్తకములను మనుమని చేతికిచ్చినాడు. మనుమడు వానిని ఇంచుమించు ముప్పది సంవత్సరములు తెరువలేదు. తెరచిన తరువాత వ్రాసిన పుస్తకమే 2013లో వెలువడిన 'యుద్ధము, టర్పెంటైను'. టర్పెంటైను అనగా చిత్రకారులు రంగులు పలుచన చేయుటకు వాడు తైలము.

ఈ పుస్తకములో ఒక ఘట్టము కలదు. స్పెయినుదేశపు మహాచిత్రకారుడు వెలాస్కెజ్ వ్రాసిన వీనస్ దేవి చిత్రమొకటి నేడు లండన్ నగరములోని నేషనల్ గ్యాలరీలో ఉన్నది. దేవి మనకు వీపు చూపి శయనించియుండును. ఆమె ముఖము ఎదుటనున్న అద్దములో మాత్రము మసకగా కనబడును. తాత ఆ చిత్రమునకు ఒక నకలు వ్రాసినాడు. నకలు గదా యని ఇంటివారు ఎవరును దానిని పరిశీలించి చూడలేదు. మనుమడు పోల్చి చూచునప్పటికి, అద్దములోని ముఖము వెలాస్కెజ్ వ్రాసిన ముఖము కాదు. అది మరియా ఎమేలియా ముఖము. అక్కను పెండ్లాడి, జీవితమంతయు ఆమెతో కాపురము చేసి, ఏనాడును చెల్లెలి ప్రస్తావన నోట తేని మనుష్యుడు తన మాటను ఆ అద్దములో దాచుకొన్నాడు.

శ్రోతలు ఒక్క క్షణము ఆలోచింపవలెను. కళాచరిత్ర దృష్టిలో ఆ నకలుకు విలువ లేదు. అసలు చిత్రమునకును ఆ కథతో సంబంధము లేదు. విలువయంతయు ఆ రెండింటికి నడుమనున్న చిన్న తేడాలో ఉన్నది. నకలులోని తప్పే అందలి నిజము. ఆ తేడాను పట్టుకొనగలిగినవాడు పండితుడు కాదు, ఆ తాత ఒడిలో పెరిగిన మనుమడు. ఈ పుస్తకమునకు 2014లో ఆకో సాహిత్య బహుమానము వచ్చినది. అనేక భాషలలోనికి అనువదింపబడినది. హెర్ట్‌మన్స్ తరువాత 2016లో వ్రాసిన నవల కూడ ఇట్టి మూలమునుండియే పుట్టినది. కైరో నగరపు పాత యూదుప్రార్థనామందిరములో పోగుపడిన ప్రాచీనపత్రములలో ఒకటి, 11వ శతాబ్దపు స్త్రీ యొకతె మతము మార్చుకొని పడిన పాట్లను సూచించుచున్నది. ఆ ఒక్క పత్రము ఆధారముగా ఆయన ఆమె నడచిన దారిని తాను కూడ ప్రయాణము చేసి కథ అల్లినాడు.

ఇంతవరకు చెప్పినవి ప్రేమతో చూడదగిన వస్తువులు. చూచుటకు మనసు జంకు వస్తువులును కలవు. ఇప్పుడు వాటి సంగతి చెప్పుకొందము.

ఆమ్‌స్టర్‌డాములోని రైక్స్ మ్యూజియము నెదర్లాండ్స్ దేశపు జాతీయ ప్రదర్శనశాల. నేటి భవనము 1885లో తెరువబడినది. పదేండ్ల మరమ్మతు తరువాత 2013లో మరల తెరువబడినది. రెంబ్రాంట్ 1642లో ముగించిన 'రాత్రి గస్తీ' అను మహాచిత్రము అక్కడనే ఉన్నది. ఆ మ్యూజియములో ఒక ఇత్తడి మెడపట్టీ కలదు. దాని మీద 1689 అను సంవత్సరము, నాసౌ రాజవంశపు చిహ్నము చెక్కబడియున్నవి. చాలకాలము పట్టికలలో దానిని కుక్క మెడపట్టీ అని వ్రాసికొనిరి. ఎవరికిని సందేహము కలుగలేదు. అయితే ఆ శతాబ్దపు చిత్రములలో, ధనవంతుల ప్రక్కన నిలుచున్న నల్లజాతి సేవకబాలుర మెడలలో, అట్టి పట్టీలే కనబడుచున్నవి. చిత్రము ఒక గదిలో, పట్టీ ఒక గదిలో ఉండుటచేత రెండింటిని జోడించి చూచిన వారు లేరు. 2021లో ఆ మ్యూజియము బానిసత్వమును గూర్చి ప్రదర్శన ఏర్పరచినప్పుడు ఆ ప్రశ్నను బహిరంగముగా వేసినది: ఇది మనిషి మెడకు కట్టినదై ఉండరాదా?

ఆ ప్రదర్శనము పదిమంది వ్యక్తుల కథలుగా కూర్చబడినది. అందులో బానిసలు ఉన్నారు, తిరుగుబాటు చేసినవారు ఉన్నారు, బానిసల శ్రమవలన భాగ్యవంతులైనవారును ఉన్నారు. ఓప్యెన్ కాపిట్ అను సంపన్నస్త్రీ అట్టిది. 1634లో రెంబ్రాంట్ ఆమెను, ఆమె భర్త మార్తెన్ సోల్మాన్సును నిలువెత్తున చిత్రించినాడు. 2016లో నెదర్లాండ్స్, ఫ్రాన్సు దేశములు రెండును కలిసి ఆ జంటచిత్రములను 16 కోట్ల యూరోలకు కొన్నవి. ఆ నల్లపట్టు వస్త్రముల వెనుక, ఆ జరీ అల్లికల వెనుక ఉన్నది సోల్మాన్స్ కుటుంబపు చక్కెర శుద్ధిశాల. ఆ చక్కెర బ్రెజిలు తోటలలో బానిసలు పండించినది. బొమ్మ చూచిన కన్ను పట్టును చూచును, చెరకుతోటను చూడదు. చెరకుతోటను చూపవలసినది మాటయే.

ఆ మాటను డచ్చి భాషలో ముందుగా పలికినవారిలో సురినాము రచయిత్రి సింథియా మక్లౌడ్ ముఖ్యురాలు. ఆమె 1987లో వ్రాసిన నవల పేరే 'చక్కెర ఖరీదెంత!' అని అర్థమిచ్చును. సురినాము తోటలలోని యజమానుల, బానిసల జీవితమును ఆమె పత్రములు శోధించి వ్రాసినది. సురినాములో బానిసత్వము 1863 జులై 1వ తేదీన రద్దయినది. దానికి నెదర్లాండ్స్ ప్రధానమంత్రి 2022 డిసెంబరులోను, రాజు 2023 జులై 1వ తేదీనను క్షమాపణ చెప్పిరి. అంతకు ఎన్నో సంవత్సరములు ముందే నవలలు ఆ పని ఆరంభించినవి.

ఆర్థర్ యాపిన్ అను రచయిత అనుభవము మరింత ఆశ్చర్యకరమైనది. 1837లో పశ్చిమ ఆఫ్రికానుండి క్వాసి, క్వామె అను ఇద్దరు అశాంతీ రాజకుమారులను నెదర్లాండ్సుకు తెచ్చి చదివించిరి. వారి కథను ఆయన 1997లో నవలగా వెలువరించినాడు. జావాలో వృద్ధుడైన క్వాసి తన గతమును తానే చెప్పుకొనుచున్నట్లు వ్రాసినాడు. ఆ చరిత్రను శోధించు సందర్భమున ఆయనకు లైడెన్ నగరపు వైద్యశాస్త్ర సంగ్రహములో ఒక గాజుపాత్ర కనబడినది. అందులోనిది 1838లో డచ్చివారు ఉరితీసిన అహంతా రాజు రెండవ బాదు బోన్సు శిరస్సు. ఎన్నో తరములు అది ఒక సంఖ్య గల వస్తువుగా అలమారలో ఉండెను. 2009లో దానిని ఘానా దేశమునకు తిరిగి అప్పగించిరి. వస్తువును చూడబోయిన రచయితకు మనిషి కనబడినాడు. ఈ యావత్తు సాహిత్యమునకు ఇంతకన్న మంచి దృష్టాంతము మాకు తోచుట లేదు.

ఈ పని నేడు యువకుల చేతికి కూడ వచ్చినది. బ్రస్సెల్స్ నగరములో ఫ్లాండర్స్, నెదర్లాండ్స్ ప్రాంతములకు ఉమ్మడిగా ఒక సంస్కృతీగృహము కలదు. పేరు 'డె బ్యూరెన్', అనగా ఇరుగుపొరుగువారు. ఆ గృహము రెండు ప్రాంతముల యువరచయితలను పిలిచి, రైక్స్ మ్యూజియములోని 19వ శతాబ్దపు వస్తువులను వారియెదుట ఉంచి, ఒక్కొక్కరిచే ఒక్కొక్క రచన చేయించినది. ఇచ్చటి మెలకువ ఏమనగా, మహాచిత్రమునకు ముందే వేయి వ్యాఖ్యలున్నవి. దాని యెదుట యువకుని కలము బెదరును. సామాన్యవస్తువునకు వ్యాఖ్యాత లేడు. దానిని చేసినవారెవరు, వాడినవారెవరు, దాని వలన నొచ్చినవారెవరు అను ప్రశ్నలకు అక్కడ చోటున్నది.

ఇక చిక్కు సంగతి. మూగవానికి మాట ఇచ్చుట పుణ్యకార్యమువలె కనబడును. కాని ఎవరి మాట ఎవరి నోట పెట్టుచున్నాము? మెడలో పట్టీ ధరించిన బాలుని పేరు తెలియదు, ఊరు తెలియదు, భాష తెలియదు. సుఖముగా కూర్చున్న రచయిత 'నేను' అని అతని పక్షమున వ్రాయుట, ఒకప్పుడు అతని శరీరమును తీసికొన్నట్లే ఇప్పుడు గొంతును కూడ తీసికొనుట కాదా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుటకు వీలులేదు. వ్రాయకుండుటయు పరిష్కారము కాదు. వ్రాయనిచో ఆ పట్టీ మరల కుక్క పట్టీగానే మిగులును.

మేము చదివినంతలో ఉత్తమ రచయితలు ఈ చిక్కును దాటిన మార్గము ఒకటే. తెలిసినదెంతో, ఊహించినదెంతో పాఠకునికి దాచకుండ చెప్పుదురు. హెర్ట్‌మన్స్ తాతకథలో తాను వెదకిన వీథులు, తప్పిన అంచనాలు అన్నియు కనబడుచునే ఉండును. వస్తువు దగ్గర ఆగవలసినచోట వారు ఆగుదురు. ఊహ చేయుట తప్పు కాదు. ఊహను సాక్ష్యమని చెలామణి చేయుట తప్పు.

ఇదంతయు దూరదేశపు ముచ్చట యని శ్రోతలు తలచవచ్చును. అంత దూరము కాదు. మన పెద్దలు డచ్చివారిని వలందావారనెడివారు. మచిలీపట్నములో వలందపాలెము అను పేరు నేటికిని నిలిచియున్నది. 17వ శతాబ్దములో వారి కంపెనీకి మచిలీపట్నము, పాలకొల్లు, నాగులవంచ, భీమునిపట్నము మొదలగు చోట్ల వర్తకస్థానములుండెను. ఈ కోరమండల తీరమునుండి కరవుకాలములలో మనుష్యులను సైతము బానిసలుగా ఓడలకెక్కించి బటేవియాకు పంపిరి. గోలకొండలో 1686 ప్రాంతమున వ్రాయించిన రాజుల, ప్రభువుల రూపచిత్రముల సంపుటమొకటి, ఆమ్‌స్టర్‌డాము నగరాధిపతి విట్‌సెన్ సంగ్రహమునుండి వచ్చి, నేడు అదే రైక్స్ మ్యూజియములో ఉన్నది.

అన్నింటికన్న ఎక్కువగా పోయినది వస్త్రము. మనము చీటిగుడ్డ అనుదానిని వారు 'సిట్స్' అందురు. రెండు మాటలును ఒకే మూలమునకు చేరునవి. కరకకాయరసములో, గేదెపాలలో తడిపిన నూలుగుడ్డపై కలముతో గీత గీసి, పటిక పూసి చిరివేరుతో ఎఱుపు తెచ్చి, మైనము కప్పి నీలిలో ముంచి, మరల ఉదికి, మరల గీసి, మన కలంకారీ పనివారు ఆ పూలను పూయించిరి. డానియెల్ హావార్ట్ అను డచ్చివాడు ఈ తీరమున కొంతకాలము కంపెనీ కొలువులో ఉండి, కోరమండలపు ఉచ్చనీచదశలను గూర్చి 1693లో ఒక గ్రంథము ప్రకటించినాడు. మన అద్దకపు పనివారి నిదానమును చూచి అతడు వారిని నత్తలతో పోల్చినాడు. ప్రాకుచున్నను కదలుచున్నట్లు కనబడరట. పోలిక బాగున్నది. పేరు మాత్రము ఒక్కటియు మనకు దక్కలేదు.

ఆ గుడ్డలు ఓడలెక్కి ఫ్రీస్‌లాండ్ మండలములోని హిండెలోపెన్ అను చిన్న నావికుల పట్టణమునకు చేరినవి. అక్కడి స్త్రీలు వానితో పొడుగు అంగీలు కుట్టించుకొన్నారు. ఎఱ్ఱని పూలు శుభదినములకు. నీలి తెలుపు కలిసినవి మైలదినములకు. సముద్రమునకు పోయిన పురుషుడు తిరిగిరానప్పుడు ఆ ఇల్లాలు తొడుగుకొన్న నీలిఅంగీ మన తీరమున ఒక పనివాడు మైనము కప్పి, నీలితొట్టిలో ముంచి తీసినది. 2017లో లేవార్డెన్ నగరపు ఫ్రీస్ మ్యూజియములో ఈ వస్త్రములకు ప్రత్యేక ప్రదర్శనము జరిగినది. ఒకే గుడ్డలో రెండు తీరముల చేతులున్నవి. ఒక చేయి కన్నీరు తుడుచుకొన్నది. ఒక చేయి నీలిరంగు కడుగుకొన్నది. ఒకరినొకరు ఎన్నడును చూడలేదు.

ఆ అంగీ కథలో హిండెలోపెన్ ఇల్లాలి వైపును డచ్చి రచయిత చక్కగా వ్రాయగలడు. ఆమె ఇల్లు, ఆమె చర్చి, ఆమె భర్త ఎక్కిన ఓడ, అన్నియు అతనికి తెలుసును. నీలితొట్టి వైపు కథ అతనికి అందదు. పెడనలోను, శ్రీకాళహస్తిలోను నేటికిని ఆ పని చేయుచున్న ఇండ్లున్నవి. పటిక ఎంత, కరకకాయ ఎంత, ఏ నీటిలో ఉదికిన రంగు నిలుచును అని చెప్పగల నోళ్లున్నవి. హెర్ట్‌మన్స్ తాతగారి నోటుపుస్తకములను ముప్పది సంవత్సరములు మూసియుంచినాడు. అదృష్టవశమున అవి అతని కొరకు వేచియుండెను. మనిషి నోటిలోని మాట అట్లు వేచియుండదు. కనుక ఈ తీరపు కథను వ్రాయవలసినవారు తెలుగువారే. అదియును ఆ నోళ్లు పలుకుచుండగనే వ్రాయవలెను.

వాండెల్ రెంబ్రాంట్‌ను గొంతు చిత్రించుమని అడిగినాడు. రంగులతో అది సాధ్యము కాదని అతనికిని తెలుసును. అడుగుటలో అతని ఉద్దేశము, చూచి మరలిపోవలదు, చెవియొగ్గి వినుడు అని మనకు చెప్పుటయే కావచ్చును. ఈ పర్యాయము మన ఊరి మ్యూజియమునకు పోయినప్పుడు, లేక ఇంటిలో అమ్మమ్మగారి పాత పెట్టె తెరచినప్పుడు, చేతికి వచ్చిన వస్తువును వెంటనే క్రింద పెట్టక, ఇది చేసినవారెవరు, దీనిని మోసినవారెవరు అని ఒక్కమారు అడిగి చూతము. ఇంటిలో చెప్పగల పెద్దలున్నచో, వారు చెప్పినది ఆనాడే కాగితము మీద పెట్టుదము.